టాస్క్ షెడ్యూలర్‌లో ‘సక్సెస్’ ఉంటే పనైపోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

భీమవరం చుట్టుపక్కల మేత కొట్లకీ, రొయ్యలు కొనేవాళ్ళకీ నేను విండోస్ టాస్క్ షెడ్యూలర్‌లో (చెప్పిన టైముకి పనులు వాటంతటవే నడిపేది) పెట్టిచ్చేవి చిన్న పనులే: పొద్దున్నే సైటు తెరిచి రేటు తేవడం, రాత్రి లెక్కలు ఎక్కించడం. వాళ్ళందరి నోటా ఒకటే మాట. "లాస్ట్ రన్ రిజల్ట్‌లో సక్సెస్ అనే ఉందండి, ఇంక ఢోకా లేదుగా?"

ఉంది. ఆ సక్సెస్ వెనకుండే సున్నా కోడ్‌కి అర్థం ప్రోగ్రాం మొదలై, పేచీ పెట్టకుండా ముగిసిందని, అంతే. సరైన పేజీ వచ్చిందో లేదో షెడ్యూలర్ చూడదు. సైటు నుంచి పేజీ తెచ్చే కర్ల్ కమాండే తీసుకోండి, సైటు ‘పేజీ లేదు’ అని 404 ఇచ్చినా సున్నాతోనే ముగుస్తుంది. ఫెయిల్ ఆప్షన్ పెడితేనే 22 అనే తప్పు కోడ్ ఇస్తుంది. సైటువాళ్ళు డిజైన్ మార్చేసి, పేజీ మాత్రం శుభ్రంగా తెరుచుకుంటే ఆ 22 కూడా రాదు.

పాలకొల్లు వైపు ఒక డీలరు గారికి జరిగిందిదే. కొత్త రేటు దొరక్క స్క్రిప్టు పాత ఫైలునే వదిలేసింది. రోజూ అదే వంద కౌంటు (కిలోకి వంద రొయ్యలు) రేటు రైతుల వాట్సాప్‌కి వెళ్ళింది. రేటు పెరిగాక పడదామని ఒకాయన రొయ్యల పట్టుబడి వాయిదా వేసుకున్నాడు. బయట రేటు పెరిగిన సంగతి ఆయనకి తెలిస్తేగా! ఇప్పుడు ఆ ఫైల్లో ఇవాళ్టి తేదీ లేకపోతే మెసేజ్ వెళ్ళదు, డీలరు గారి ఫోన్ మోగుతుంది. మీరూ కోడ్ చూడకండి, తెచ్చిన సరుకు చూడండి.

మిగతావి గబగబా. షట్‌డౌన్ చేసిన సిస్టంలో ఏదీ నడవదు. స్లీప్‌లోంచి లేపడానికి టాస్క్ సెట్టింగుల్లో వేక్ టిక్ ఉండాలి. కరెంటు పోయి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదకెళ్తే, ‘ఏసీ పవర్ ఉంటేనే మొదలుపెట్టు’ అన్న టిక్ మీరు తియ్యకపోతే టాస్క్ మొదలే కాదు. క్లౌడ్ సర్వర్లు (నెట్‌లో అద్దెకి దొరికేవి) ఎక్కువగా యూటీసీలో, అంటే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన ఉదయం 6 గంటలకి అక్కడ 0:30. ఆటోమేటిక్‌గా నడిపితే వైరస్ పట్టేస్తుందన్న పుకారుకి నా దగ్గర జవాబు లేదు, ఓపికా లేదు.

లంకల్లో ఉండే ఒకావిడ ధవళేశ్వరం నీటిమట్టం నిమిషానికోసారి లాగమన్నారు. మొదటి హెచ్చరిక 11.75 అడుగుల దగ్గర, వరదల్లో ఆవిడ భయం ఊరికే వచ్చింది కాదు. అయినా నిమిషానికోసారి అడిగితే సైటు మనల్ని ఆపెయ్యొచ్చు, గంటకోసారి పెట్టాను. నీరు పెరిగితేనే కాదు, కొత్త లెక్క రాకపోయినా ఫోన్ మోగుతుంది. అదీ ఆవిడ ఇంట్లో సిస్టం మీద కాదు, ఊళ్ళో కరెంటు పోయినా నడిచే అద్దె సర్వర్ మీద. వీఆర్వో గారు ఖాళీ చెయ్యమంటే మాత్రం ఫోన్ మోగేదాకా ఆగొద్దని గట్టిగా చెప్పాను.