బస్సు హోరులో పాట వినాలంటే

ఒక ఆదివారం ఉదయం, ఫ్యాను కూడా ఆపి ఉన్న గదిలో, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాట మొదలుపెట్టాను. చెవి పక్కనే డప్పు మోగినట్టయి ఉలిక్కిపడి లాగేశాను. ఫోనులో చూస్తే శబ్దం పదిహేను మెట్లలో పదమూడో మెట్టు మీద ఉంది. ముందు రోజు సాయంత్రం ఎల్బీనగర్ వైపు వెళ్లే బస్సులో అదే మెట్టు మీద పాట సన్నగా వినిపిస్తోందని విసుక్కున్నాను. ఫోనూ అదే, పాటా అదే. బస్సు హోరు మాత్రమే లేదు.

ప్రయాణంలో వినడానికి తక్కువ ధరలో ఏ ఇయర్‌ఫోన్లు కొనాలని అడిగిన వారందరికీ నేను ముందు ఈ సంగతే చెబుతాను. పాట ఎంత కమ్మగా పలుకుతుందో తర్వాత చూసుకోవచ్చు. బయటి రొదను చెవిలోకి ఎంత రానిస్తుందో ముందు చూడండి.

ఎందుకో లెక్క వేసి చూద్దాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పే ప్రకారం పెద్దవాళ్లు 80 డెసిబెళ్ల శబ్దాన్ని వారానికి 40 గంటల దాకా వినవచ్చు. 90 డెసిబెళ్లయితే 4 గంటలే. పది పెరిగినందుకు ఇంత కోత ఏమిటనిపిస్తుంది. డెసిబెళ్ల కొలతలో పది పెరిగితే చెవికి చేరే శక్తి పది రెట్లవుతుంది. మూడు పెరిగితేనే దాదాపు రెట్టింపవుతుంది. ఆఫీసుకు రానూపోనూ రోజుకు రెండు గంటల ప్రయాణం ఉన్నవారు 90 డెసిబెళ్ల దగ్గర పాటలు వింటే సోమవారం రెండు గంటలు, మంగళవారం రెండు గంటలు. బుధవారం ఉదయం బస్సెక్కే సరికి వారానికి సరిపడా వినేసినట్టే. అదే 80 దగ్గర వింటే ఆరు రోజులకూ కలిపి 12 గంటలే అవుతుంది.

లోపలి చెవిలో నత్తగుల్లలా చుట్టుకుని ఉండే కోక్లియాలో శబ్దాన్ని పట్టే రోమ కణాలు సుమారు 15 వేలు ఉంటాయి. వెలుతురును పట్టే కణాలు ఒక్కో కంటిలో కోట్లలో ఉంటే, వినికిడంతా ఈ కొద్ది వేల మీదే నడుస్తుంది. పక్షుల్లో ఇవి దెబ్బతిన్నా మళ్లీ పుడతాయి. మనుషుల్లో పుట్టవు. శబ్దం వల్ల వచ్చే చెవుడు ముందుగా కీచుమనే హెచ్చు శ్రుతి ధ్వనులను మింగేస్తుంది కాబట్టి స, శ, ష వంటి అక్షరాలు మసకబారతాయి. మాట వినిపిస్తూనే ఉంటుంది, ఏమన్నారో తెలియదు. ఇరవై ఏళ్ల పిల్లలు రోజూ కిటికీ పక్కన కూర్చుని పదమూడో మెట్టు మీద పాటలు వింటుంటే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

బస్సులో రొద 80 డెసిబెళ్లు ఉందనుకుందాం. చెవి అంచున ఊరికే ఆనుకునే రకం ఇయర్‌బడ్స్ ఆ రొదను దాదాపు అలాగే లోపలికి వదులుతాయి. పాట దాని మీదుగా వినిపించాలి గనుక వేలు తనంతట తానే శబ్దం పెంచుతుంది. రబ్బరు తొడుగుతో చెవి రంధ్రాన్ని మూసే రకం ఒక 20 డెసిబెళ్లు ఆపిందంటే లోపల మిగిలే రొద 60. అప్పుడు 70 దగ్గర పాట హాయిగా వినిపిస్తుంది. 1979లో సోనీ వాక్‌మన్ క్యాసెట్ ప్లేయర్‌తో వచ్చిన తేలికపాటి స్పాంజి హెడ్‌ఫోన్లూ, 1984 నాటి కాస్ కంపెనీ హెడ్‌ఫోన్లు పోర్టా ప్రో కూడా బయటి గాలికి తెరిచి ఉండే రకమే. పోర్టా ప్రో ఇప్పటికీ దొరుకుతుంది, దాని ధ్వని నాకు చాలా ఇష్టం. దాన్ని ఇంట్లోనే వింటాను.

ఇక పెట్టె మీది అక్షరాల సంగతి. ఇక్కడే చాలామంది డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఏఎన్‌సీ అని ఉంటే అది మీ చెవికి వినిపించే రొదను తగ్గించే ఏర్పాటు. ఈఎన్‌సీ అని ఉంటే ఫోనులో అవతలివారికి మీ చుట్టూ ఉన్న రొద వినిపించకుండా చేసేది. మీ చెవికి దానివల్ల ఒరిగేది ఏమీ లేదు. ఒక్క అక్షరమే తేడా. తక్కువ ధర పెట్టెల మీద ఎక్కువగా కనిపించేది రెండోదే.

ఏఎన్‌సీ చేసే పని అందమైనది. చిన్న మైకు బయటి రొదను పట్టుకుంటుంది, లోపలి చిప్ దానికి సరిగ్గా తలకిందులైన తరంగాన్ని పుట్టిస్తుంది, రెండూ కలిసి ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. ఈ ఆలోచనకు జర్మనీకి చెందిన పాల్ లూయెగ్ 1930లలోనే పేటెంట్ పొందాడు. బెంగాలీ తండ్రికి అమెరికాలో పుట్టి, బోస్ ఆడియో కంపెనీని స్థాపించిన అమర్ బోస్ 1978లో ఒక విమాన ప్రయాణంలో ఇంజిన్ మోతకు పాట వినలేక, అక్కడే కూర్చుని హెడ్‌ఫోన్ల కోసం లెక్కలు మొదలుపెట్టాడు. ఇంజిన్ గుర్రుమనే 100 హెర్ట్జ్ (సెకనుకు వంద కంపనాల) ధ్వనిలో ఒక్కో తరంగం మూడు మీటర్లకు పైగా పొడవుంటుంది. నిదానంగా, ఒకే తీరుగా వస్తుంది కాబట్టి చిప్ దాన్ని అందుకోగలదు. 5,000 హెర్ట్జ్ తరంగం ఏడు సెంటీమీటర్లే. హారన్, బ్రేకుల కీచు, పక్క సీటు మాటలు చిప్‌కు అంత తేలికగా దొరకవు. వాటిని ఆపాల్సింది ఆ రబ్బరు తొడుగే. అందుకే తొడుగు సరిగ్గా కూర్చోకపోతే ఏఎన్‌సీకి పెట్టిన డబ్బు సగం దండగ.

మరి కూర్చుందో లేదో తెలిసేదెలా? మృదంగమో బేస్ గిటారో బలంగా ఉన్న పాట పెట్టి, ఇయర్‌ఫోన్‌ను వేలితో మెల్లగా లోపలికి నొక్కండి. మృదంగం ఒక్కసారిగా నిండుగా మోగిందంటే అంతవరకూ గాలి సందు ఉన్నట్టే. మంద్ర ధ్వనులు ముందుగా జారిపోయేది ఆ సందులోంచే. చవక ఇయర్‌ఫోన్లలో బేస్ లేదని తిట్టుకునే వాళ్లలో చాలామందికి అసలు కావలసింది వేరే సైజు తొడుగు. పెట్టెలో వచ్చే మూడు జతలనూ మార్చి చూడండి, రెండు చెవులకూ ఒకే సైజు సరిపోవాలని లేదు. పెట్టుకునేటప్పుడు రెండో చేత్తో చెవి పైభాగాన్ని కాస్త పైకి, వెనక్కి లాగితే లోపలి దారి తిన్నగా అయి తొడుగు చక్కగా దిగుతుంది.

నేను చివరికి కొన్నది ఏడు వందల రూపాయల తీగ ఇయర్‌ఫోన్లు. వేళ్ల మధ్య నలిపి పెడితే చెవిలో మెల్లగా విచ్చుకునే స్పాంజి తొడుగులు విడిగా కొని తగిలించాను. కుడి చెవికి చిన్నది, ఎడమ చెవికి మధ్య సైజు. నడుస్తుంటే తీగ చొక్కాకు రాసుకునే చప్పుడు చెవిలో టకటకమంటుంది, తీగను చెవి వెనక నుంచి తిప్పితే తగ్గింది. దిగాల్సిన చోటుకు ఇంకా రెండు స్టాపులు ఉన్నాయనగానే తీసి జేబులో పెట్టుకుంటాను, రోడ్డు దాటేటప్పుడు హారన్ వినపడాలి కదా. ఇప్పుడు అదే బస్సులో, అదే పాటకు, ఫోను ఆరో మెట్టు మీద ఉంటోంది.