హెడ్‌సెట్‌ను రీసెట్ చేసే ముందు గదిని చూడాలి

కళ్లముందు కల్పిత లోకాన్ని చూపించే వర్చువల్ రియాలిటీ హెడ్‌సెట్ తలకు తగిలించుకున్న కొద్దిసేపటికే ఎదుట ఉన్న దృశ్యం మెల్లగా పక్కకు జరిగిపోవడం, చేతిలో ఉన్న కంట్రోలర్ తెరమీద మరెక్కడో తేలుతూ కనబడడం, ట్రాకింగ్ (తల, చేతులు ఎక్కడున్నాయో పసిగట్టడం) పోయిందన్న హెచ్చరికతో అంతా నల్లబడిపోవడం ఆ పరికరం వాడేవారికి తరచుగా ఎదురయ్యే ఇబ్బందులు. వీటన్నిటికీ చుట్టుపక్కలవారు చెప్పే మందు ఒక్కటే, ఫ్యాక్టరీ రీసెట్. అంటే హెడ్‌సెట్‌లో ఉన్నదంతా తుడిచేసి, పెట్టెలోంచి తీసిన రోజున ఎలా ఉందో అలా చేయడం. అమెరికా నుంచి సెలవులకు వచ్చిన పిల్లలు తెచ్చిపెట్టిన హెడ్‌సెట్లు ఇప్పుడు అమలాపురం, పాలకొల్లు, భీమవరం ప్రాంతాల ఇళ్లలో కూడా కనిపిస్తున్నాయి గనుక ఈ సలహా మంచిచెడ్డలను కొంచెం వివరంగా చూడడం అవసరం. రీసెట్ సరిచేయగలిగేది పరికరం జ్ఞాపకంలో (మెమొరీలో) పాడైనదాన్ని మాత్రమే. పైన చెప్పిన ఇబ్బందుల్లో ఎక్కువ భాగం పుట్టేది జ్ఞాపకంలో కాదు, ఆ పరికరం వాడుతున్న గదిలో.

ఈ మాట ఎందుకంటున్నానో తెలియాలంటే హెడ్‌సెట్ తన స్థానాన్ని తాను ఎలా తెలుసుకుంటుందో చూడాలి. 1968లో ఇవాన్ సదర్లాండ్ ప్రదర్శించిన తొలితరం హెడ్‌సెట్ పైకప్పు నుంచి వేలాడే ఒక యాంత్రిక భుజానికి తగిలించి ఉండేది. తల ఎటు తిరిగితే ఆ భుజం కీళ్లు అటు తిరిగేవి. ఆ కీళ్ల కోణాలను కొలిస్తే తల ఎక్కడుందో నేరుగా తెలిసిపోయేది. ఆ బరువైన ఏర్పాటును వదిలించుకున్న నేటి హెడ్‌సెట్‌కు పైకప్పుతో గాని గోడతో గాని ఏ బంధమూ లేదు కాబట్టి, తన స్థానాన్ని అది క్షణక్షణమూ లెక్కకట్టుకుంటూనే ఉండాలి.

ఆ లెక్కకు మొదటి ఆధారం లోపల ఉండే రెండు రకాల సెన్సార్లు. తల ఎంత వేగంగా తిరుగుతోందో గైరోస్కోప్ కొలుస్తుంది. ఏ దిక్కుగా ఎంత త్వరణం కలుగుతోందో యాక్సిలరోమీటర్ కొలుస్తుంది. ఇవి సెకనుకు వందల సార్లు కొలతలు ఇవ్వగలవు గాని, త్వరణం నుంచి దూరాన్ని రాబట్టాలంటే రెండుసార్లు కూడికలు చేయాలి, ఆ కూడికల్లో చిన్న పొరపాటు కూడా కాలం వర్గానికి అనులోమంగా పెరిగిపోతుంది. ఉదాహరణకు యాక్సిలరోమీటర్ కొలతలో చదరపు సెకనుకు 1 సెంటీమీటరు తేడా ఉందనుకుందాం. మొదటి సెకను చివర తప్పు అర సెంటీమీటరు మాత్రమే. పది సెకన్లకు అది అర మీటరు, నిమిషం గడిచేసరికి 18 మీటర్లు. కేవలం ఈ సెన్సార్లనే నమ్ముకుంటే, కుర్చీలో కదలకుండా కూర్చున్న మనిషిని హెడ్‌సెట్ ఒక్క నిమిషంలో పక్కింటి పెరట్లోకి పంపేస్తుంది.

దృశ్యం తలకిందులైపోకుండా ఎప్పుడూ పక్కకే ఎందుకు జరుగుతుందన్న ప్రశ్నకు కూడా జవాబు ఇక్కడే ఉంది. భూమ్యాకర్షణ ఎటు లాగుతోందో యాక్సిలరోమీటర్‌కు తెలుసు కనుక, తల ముందుకో వెనక్కో వాలినప్పుడు వచ్చే తప్పును అది వెంటనే సరిదిద్దుతుంది. కాని కుడి ఎడమలకు తిరగడంలో వచ్చే తప్పును పట్టిచ్చే ఆధారం భూమ్యాకర్షణలో లేదు. గైరోస్కోప్ లోపం అక్కడ పేరుకుపోతుంది.

ఈ తప్పులను దిద్దే పని హెడ్‌సెట్ బయటివైపున ఉండే కెమెరాలది. మెటా కంపెనీ హెడ్‌సెట్ అయిన క్వెస్ట్ 2 నమూనాలో ఇలాంటివి నాలుగు ఉంటాయి. అవి గదిలోని మూలలు, అంచులు, రంగు ఒక్కసారిగా మారే చోట్లు గుర్తుపట్టి, తల కదిలినకొద్దీ ఆ గుర్తులు చిత్రంలో ఎటు కదులుతున్నాయో చూసి, గది పటాన్నీ ఆ పటంలో తమ స్థానాన్నీ ఏకకాలంలో లెక్కకడతాయి. నరసాపురం నుంచి సఖినేటిపల్లి వైపు చీకట్లో పంటు నడిపే సరంగు ఇంజన్ వేగాన్ని బట్టి కొంతదూరం అంచనాతో సాగి, అవతలి రేవు దీపం కనబడగానే ఆ అంచనాను సవరించుకుంటాడు. సెన్సార్లకూ కెమెరాలకూ మధ్య సంబంధం సరిగ్గా అలాంటిది. దీపం కనబడనప్పుడు తప్పు సరంగుది కాదు. అలాగే కెమెరాకు గుర్తులు దొరకని గదిలో హెడ్‌సెట్ జ్ఞాపకాన్ని ఎన్నిసార్లు తుడిచినా ప్రయోజనం ఉండదు.

గుర్తులు దొరకని గది ఎలా ఉంటుంది? నున్నగా పుట్టీ పెట్టి, తెల్ల రంగు వేసి, మేకు కూడా కొట్టకుండా ఉంచిన గోడలున్న కొత్త ఫ్లాట్ దానికి చక్కటి ఉదాహరణ. అక్కడ కెమెరాకు కనబడేదంతా ఒకే తెలుపు. నేలమీద మెరిసే టైల్స్ ఉంటే ఇబ్బంది ఇంకా పెరుగుతుంది. ట్యూబ్‌లైట్ ప్రతిబింబం నేలలో కనిపించి, మనిషితోపాటు అదీ కదులుతూ ఉండడం వల్ల, నిలకడగా ఉన్న గుర్తేదో కదిలే గుర్తేదో తేల్చుకోవడం లెక్కకు కష్టమవుతుంది. నిలువుటద్దం, గాజు తలుపుల బీరువా, ఆపేసి ఉన్న పెద్ద టీవీ కూడా ఇదే పని చేస్తాయి. దీనికి భిన్నంగా కోనసీమలోని పాత మండువా ఇంట్లో దూలాలు, వాసాలు, కిటికీ ఊచలు, గోడనిండా తాతముత్తాతల ఫోటోలు ఉంటాయి కాబట్టి, ఇంత కొత్త పరికరానికి అంత పాత ఇల్లే ఎక్కువ అనుకూలంగా ఉంటుంది. ఖాళీ గోడకు ఒక క్యాలెండర్, రెండు పటాలు తగిలిస్తే చాలావరకు సరిపోతుంది. క్యాలెండర్ కింది అంచు ఫ్యాన్ గాలికి కొట్టుకోకుండా అంటించాలి. ఎందుకంటే, కదిలే గుర్తులను లెక్కలోంచి తీసేయడం సాఫ్ట్‌వేర్‌కు తెలుసు గాని, గోడ మొత్తం మీద ఉన్న గుర్తులన్నీ ఆ ఒక్క క్యాలెండర్ మీదే ఉండి, అదీ ఊగుతూ ఉంటే, గది ఊగుతోందా తల ఊగుతోందా అన్నది దానికి తేలదు.

వెలుతురు విషయం మరికొంత నిదానంగా చెప్పుకోవలసినది. మన దేశంలో ఇళ్లకు వచ్చే కరెంటు సెకనుకు 50 ఆవృత్తులు చేస్తుంది, అమెరికాలో 60. ఒక్కో ఆవృత్తిలో విద్యుత్తు రెండుసార్లు సున్నాకు చేరుతుంది కనుక, మన దీపాలు సెకనుకు 100 సార్లు, అక్కడివి 120 సార్లు మినుకుతాయి. కంటికి ఇది తెలియదు. సెకనుకు 30 చిత్రాలు తీసే కెమెరాను తీసుకుంటే, 120ని 30 శేషం లేకుండా భాగిస్తుంది గనుక అమెరికా ఇంట్లో ప్రతి చిత్రమూ వెలుగు ఒకే దశలో ఉన్నప్పుడు పడుతుంది. 100ని 30 అలా భాగించదు. కాబట్టి మన గదిలో ఒక చిత్రం కొంచెం వెలుగుగా, తర్వాతిది కొంచెం మసకగా పడి, గుర్తులు వచ్చిపోతూ ఉంటాయి. సరఫరాలోని హెచ్చుతగ్గులను సరిగా సమం చేయని చవకరకం ఎల్ఈడీ బల్బుల కింద ఇది మరీ ఎక్కువ. ఈ ఇబ్బందిని ఊహించే క్వెస్ట్ రకం హెడ్‌సెట్ల సెట్టింగ్స్‌లో ట్రాకింగ్ ఫ్రీక్వెన్సీ అన్న అంశాన్ని పెట్టారు. సాధారణంగా అది దానంతటదే ఎంచుకుంటుంది గాని, తప్పుగా ఎంచుకున్నదన్న అనుమానం ఉంటే 50 హెర్ట్జ్‌కు మార్చి చూడాలి. అమెరికాలో బాగా పనిచేసిన హెడ్‌సెట్ ఇక్కడికి రాగానే తడబడుతోందంటే, నా దృష్టిలో మొట్టమొదట చూడవలసినది ఇదే.

కంట్రోలర్ల సంగతి వేరు. క్వెస్ట్ 2 కంట్రోలర్ల మీద ఉండే వలయంలో కంటికి కనబడని పరారుణ కాంతినిచ్చే చిన్న దీపాలు అమర్చి ఉంటాయి. చెయ్యి ఎక్కడుందో కెమెరాలు ఆ చుక్కలను చూసి తెలుసుకుంటాయి. సంక్రాంతికో పెళ్లికో కిటికీలకు వేలాడదీసిన సీరియల్ బల్బులు కెమెరాకు ఇలాంటి చుక్కల్లాగే కనిపించి, చేతిని ఉన్నచోట కాక తోరణం దగ్గర చూపించే అవకాశం ఉంది. ఎండలోనూ పరారుణ కాంతి పుష్కలంగా ఉండడం వల్ల వరండాలో, మండువాలోకి ఎండ దిగే వేళలో ఆ చుక్కలు వెలవెలబోతాయి. కంట్రోలర్‌లోని బ్యాటరీ నీరసించినా ఫలితం ఇలాగే ఉంటుంది కనుక దాన్ని ముందు మార్చి చూడడం మంచిది.

తర్వాతిది మసక. జూన్ దాటాక డెల్టాలో ఉక్కపోత ఎలా ఉంటుందో ఇక్కడివారికి చెప్పనక్కరలేదు. గాలి ఉష్ణోగ్రత 35 డిగ్రీలు, తేమ 60 శాతం ఉన్నప్పుడు ఆ గాలిలోని ఆవిరి సుమారు 26 డిగ్రీల దగ్గర నీటి బిందువులుగా మారుతుంది. 22 డిగ్రీల ఏసీ గదిలో చాలాసేపు ఉన్న హెడ్‌సెట్‌ను హాల్లోకి తెస్తే దాని కటకాల మీద, బయటి కెమెరాల మీద ఆవిరి పట్టక తప్పదు. ఏసీ గదిలోనే వాడినా, ముఖానికి పట్టిన చెమట లోపలి గాలిని తేమగా చేసి చల్లటి కటకాన్ని మసకబారుస్తుంది. బొమ్మ స్పష్టంగా లేదని సాఫ్ట్‌వేర్‌ను తప్పుపట్టేముందు హెడ్‌సెట్‌ను ఒక పావుగంట గది వేడికి అలవాటు పడనిచ్చి, పొడి మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడిచి చూడాలి. స్పిరిట్, సబ్బునీళ్లు కటకాలకు తగలకూడదు. రెండు కటకాల మధ్య ఉండే చిన్న సెన్సార్‌నూ అదే గుడ్డతో తుడవాలి. మనిషి హెడ్‌సెట్ పెట్టుకున్నాడో లేదో చూసి తెరను వెలిగించేదీ ఆర్పేదీ అదే కాబట్టి, దానిమీద చెమట జిడ్డు పేరుకుంటే తెర అకారణంగా ఆరిపోతూ ఉంటుంది.

ఎండ గురించి ఒక్క హెచ్చరిక తప్పనిసరి. హెడ్‌సెట్ కటకాలు భూతద్దాలే. వాటిమీద నేరుగా ఎండ పడితే ఆ వేడి లోపలి తెర మీద ఒక చుక్కగా కేంద్రీకృతమై అక్కడ శాశ్వతమైన మచ్చ మిగులుస్తుంది, అందుకు ఎంతోసేపు పట్టదు కూడా. గుమ్మం పక్క బల్లమీద, కారు డ్యాష్‌బోర్డు మీద కటకాలు పైకి ఉండేలా హెడ్‌సెట్‌ను ఎన్నడూ ఉంచకూడదు. ఆ మచ్చను ఏ రీసెట్టూ తీయలేదు.

గదిలో ఇవన్నీ సరిచూసుకున్నాక కూడా ఇబ్బంది మిగిలితే అప్పుడు జ్ఞాపకం వంతు. హెడ్‌సెట్ జ్ఞాపకం ఒక్కటి కాదు. పనిచేస్తున్న ప్రోగ్రాములు వాడుకునే తాత్కాలిక మెమొరీ కరెంటు ఉన్నంతసేపే నిలుస్తుంది. ఏదైనా ప్రోగ్రాము తాను తీసుకున్న మెమొరీని తిరిగి వదలకపోయినా, ఒకదానికోసం ఒకటి ఎదురుచూస్తూ రెండు ప్రోగ్రాములు ఇరుక్కుపోయినా, ఆ చిక్కంతా అక్కడే ఉంటుంది. పూర్తిగా ఆపి మళ్లీ ఆన్ చేయగానే అది ఖాళీ అయిపోతుంది కనుకనే రీస్టార్ట్ ఇంత తరచుగా పనిచేస్తుంది. అయితే పవర్ బటన్‌ను ఒకసారి తాకితే హెడ్‌సెట్ నిద్రలోకి వెళుతుందే తప్ప ఆగదు. తెరమీద వచ్చే ఎంపికల్లోంచి ఆపివేయడాన్ని ఎంచుకోవాలి, తెర బిగుసుకుపోతే బటన్‌ను పది సెకన్లకు పైగా నొక్కి పట్టాలి.

గది పటాలు, ఆడుకునే చోటు చుట్టూ గీసుకున్న హద్దులు శాశ్వత మెమొరీలో ఉంటాయి, రీస్టార్ట్ వాటిని తాకదు. ఇంట్లో సామాను జరిపాక హెడ్‌సెట్ పాత హద్దునే చూపిస్తున్నా, నేల మోకాలి ఎత్తులో కనిపిస్తున్నా, తుడవవలసింది ఆ పటాన్ని ఒక్కదాన్నే. సెట్టింగ్స్‌లో దానికి విడిగా అవకాశం ఉంది. దృశ్యం కేవలం పక్కకు తిరిగి ఉంటే అంత అవసరం కూడా లేదు, కుడి కంట్రోలర్ మీద కంపెనీ గుర్తున్న బటన్‌ను కొద్దిసేపు నొక్కి పడితే ఎదురుగా వచ్చేస్తుంది. కంట్రోలర్ అసలు స్పందించకపోతే ఫోన్‌లోని యాప్ ద్వారా దాన్ని మళ్లీ జత చేసుకోవచ్చు.

ఫ్యాక్టరీ రీసెట్ వీటన్నిటి తర్వాతిది. హెడ్‌సెట్ తెర మీద మెనూ కూడా రాని స్థితిలో, ఏదైనా అప్‌డేట్ సగంలో చెడి పదేపదే కంపెనీ గుర్తు దగ్గరే ఆగిపోతున్నప్పుడు, లేదా పరికరాన్ని మరొకరికి ఇచ్చేస్తున్నప్పుడు అది సరైన పని. క్వెస్ట్ హెడ్‌సెట్లలో ఆపివేసిన తర్వాత పవర్ బటన్‌ను, శబ్దం తగ్గించే బటన్‌ను కలిపి నొక్కి పట్టుకుంటే ఒక సాదా మెనూ వస్తుంది. శబ్దం బటన్లతో కిందికి జరిగి ఫ్యాక్టరీ రీసెట్‌ను చేరి, పవర్ బటన్‌తో ఖాయం చేయాలి. కొన్న ఆటలు ఖాతాలో భద్రంగా ఉంటాయి, మళ్లీ దింపుకోవచ్చు. ఫోన్‌కు పంపుకోని వీడియోలు, ఫోటోలు, క్లౌడ్‌లో దాచని ఆటల పురోగతి మాత్రం పోతాయి.

డెల్టా ఇళ్లలో దీనికి మరో చిక్కు తోడవుతుంది. హెడ్‌సెట్ చాలాసార్లు అమెరికాలోని అన్నయ్య ఖాతా మీదే నడుస్తూ ఉంటుంది. రీసెట్ అయ్యాక పరికరం తిరిగి మొదలవ్వాలంటే ఇంటర్నెట్, యాప్ ఉన్న ఫోన్, ఆ ఖాతా పాస్‌వర్డు కావాలి. ధ్రువీకరణ కోడ్ ఆయన ఫోన్‌కే వెళుతుంది, మనకు మధ్యాహ్నమైతే ఆయనకు అర్ధరాత్రి దాటి ఉంటుంది. ముందుగా ఆయనతో ఒక సమయం అనుకుని, హెడ్‌సెట్‌ను నిండా ఛార్జి చేసి, రౌటర్‌కు ఇన్వర్టర్ కనెక్షన్ ఉందో లేదో చూసుకుని మొదలుపెట్టడం ఉత్తమం.

కొన్ని లోపాలు గదిలోనూ ఉండవు, ఇంట్లోని హెడ్‌సెట్ జ్ఞాపకంలోనూ ఉండవు. 2018 మార్చి 7న ప్రపంచవ్యాప్తంగా, కంప్యూటర్‌కు తగిలించి వాడే ఓక్యులస్ రిఫ్ట్ హెడ్‌సెట్లు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. ఆ సాఫ్ట్‌వేర్ అసలైనదేనని ధ్రువీకరించే డిజిటల్ సర్టిఫికెట్ గడువు ముగియడమే కారణం. కంప్యూటర్ గడియారంలో తేదీని వెనక్కి జరిపినవారికి హెడ్‌సెట్ తిరిగి పనిచేసింది. తర్వాత కంపెనీ సవరణ విడుదల చేసింది. నిన్నటిదాకా నడిచిన పరికరం ఏ మార్పూ లేకుండా ఈ ఉదయం ఆగిపోయి, అదే రకం హెడ్‌సెట్ ఉన్న మరొకరికీ అదే జరిగిందని తెలిస్తే, ఏదీ తుడవకుండా ఒకటి రెండు రోజులు ఆగడమే సరైన పని. గది మార్చి చూసినా, పటం తుడిచినా, చివరికి ఫ్యాక్టరీ రీసెట్ చేసినా ఒకే కెమెరా వైపు, ఒకే కోణంలో ట్రాకింగ్ పోతూ ఉంటే అది కెమెరాలోనో దాని తీగలోనో ఉన్న లోపం. అప్పుడు ఏ వైపు తిరిగినప్పుడు పోతోంది, ఎలాంటి వెలుతురులో పోతోంది, ఎంతసేపు వాడాక పోతోంది అన్నవి ఒక కాగితం మీద రాసి పరికరంతోపాటు ఇస్తే, బాగుచేసేవారికి పని ఎంతో తేలికవుతుంది.