కాలిగ్రఫీకి ఏం కావాలి, ఏం అక్కర్లేదు: అపోహలు - వాస్తవాలు

కొత్తగా కాలిగ్రఫీ నేర్చుకోవడానికి వచ్చేవారు నన్ను అడిగే ప్రశ్నల్లో ఎక్కువ భాగం అక్షరాల గురించి కాక సామగ్రి గురించే ఉంటాయి. ఏ పెన్ను కొనాలి, ఏ సిరా తేవాలి, కాగితం ఎంత మందంగా ఉండాలి అన్న ఆలోచనల్లోనే చాలామందికి సగం ఉత్సాహం చల్లారిపోతుంది. ఆ ప్రశ్నల వెనుక ఉన్న నమ్మకాల్లో కొన్ని పూర్తిగా తప్పు, కొన్ని సగం నిజం. సగం నిజమైనవే ఎక్కువ ఇబ్బంది పెడతాయి కాబట్టి వాటి దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

అపోహ: చేతిరాత అందంగా ఉన్నవారికే కాలిగ్రఫీ వస్తుంది.

వాస్తవం: చేతిరాత అలవాటు మీద, వేగం మీద నడుస్తుంది. కాలిగ్రఫీలో అక్షరాన్ని ఒక గీత తరువాత మరొక గీతగా, మధ్యలో కలం ఎత్తుతూ కడతాము. రోమన్ లిపిలోని ‘ఓ’ను మామూలుగా ఒకే చుట్టులో రాసేస్తాము. వెడల్పు పాళీతో రాసేటప్పుడు దాన్నే ఎడమ అర్ధచంద్రం, కుడి అర్ధచంద్రం అని రెండు గీతలుగా విడదీసి, రెండింటినీ పైనుంచి కిందికే లాగుతాము, ఎందుకంటే ఆ పాళీని పైకి తోస్తే దాని అంచు కాగితంలో గుచ్చుకొని సిరా చిమ్మే ప్రమాదం ఉంటుంది. ఈ పద్ధతికి చేతిరాతతో సంబంధం తక్కువ. పైగా గొలుసుకట్టులో చకచకా రాయడం అలవాటైనవారికి తొలిరోజుల్లో చేతిని నిదానింపజేయడమే పెద్ద పని అవుతుంది.

అపోహ: మంచి పెన్నుల సెట్టు కొనకుండా మొదలుపెట్టడం వృథా.

వాస్తవం: ముందుగా తెలుసుకోవలసింది, కాలిగ్రఫీ పనిముట్లలో రెండు ప్రధాన కుటుంబాలు ఉన్నాయన్నది. మొదటిది వెడల్పు పాళీ: దీని కొన ఉలి అంచులా చదునుగా ఉంటుంది, దాన్ని ఏ కోణంలో పట్టుకున్నామన్నదాన్ని బట్టి గీత మందం మారుతుంది. రెండవది సన్నమొన పాళీ: దీని మొన మధ్యలో చీలిక ఉంటుంది, కిందికి లాగేటప్పుడు కొద్దిగా ఒత్తితే ఆ చీలిక విచ్చుకొని గీత మందమవుతుంది, పైకి వెళ్లేటప్పుడు ఒత్తిడి తీసేస్తే వెంట్రుకవాసి గీత వస్తుంది. బ్రష్ పెన్ ఈ రెండవ కుటుంబానికి దగ్గరి చుట్టం. సెట్టు కొనేవారు చాలాసార్లు ఈ తేడా తెలియకుండానే రెండు రకాలూ కలిసిన పెట్టెను కొని, దేనితో ఏం చేయాలో తోచక పక్కన పెట్టేస్తారు.

వెడల్పు పాళీ సూత్రం నేర్చుకోవడానికి రెండు మామూలు పెన్సిళ్లు, రెండు రబ్బరు బ్యాండ్లు సరిపోతాయి. పెన్సిళ్లను పక్కపక్కన పెట్టి, రెండు మొనలూ ఒకేసారి కాగితాన్ని తాకేలా సరిచూసుకొని, పైనా కిందా బిగించాలి. ఆ రెండు మొనల మధ్య దూరమే మీ పాళీ వెడల్పు. సాధారణంగా అది 7 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. ఇంగ్లండుకు చెందిన ఎడ్వర్డ్ జాన్‌స్టన్ పదో శతాబ్దపు లాటిన్ రాతప్రతి ఒకదాన్ని ఆధారం చేసుకొని రూపొందించిన ఫౌండేషనల్ శైలిలో చిన్న అక్షరాల ఎత్తు పాళీ వెడల్పుకు సుమారు నాలుగు రెట్లు, కలం కోణం, అంటే రాసే పంక్తితో పాళీ అంచు చేసే కోణం, దాదాపు 30 డిగ్రీలు. ఆ లెక్కన జంట పెన్సిళ్లతో రాసే అక్షరం దాదాపు 28 మిల్లీమీటర్ల ఎత్తు ఉంటుంది. అంత పెద్ద అక్షరంలో ఏ తప్పూ దాగదు, పైగా గీత రెండు అంచులూ విడివిడిగా కనిపిస్తాయి కాబట్టి కోణం ఎక్కడ జారిందో వెంటనే తెలిసిపోతుంది. ఖరీదైన పాళీ చూపించలేని విషయాన్ని ఈ జంట పెన్సిళ్లు చూపిస్తాయన్నది నా అభిప్రాయం.

కోణాన్ని పరీక్షించుకోవడానికి ఒక సులువైన మార్గం ఉంది. ఒక నిలువు గీత, ఒక అడ్డగీత గీసి వాటి మందాలను పోల్చి చూడండి. 30 డిగ్రీల దగ్గర నిలువు గీత పాళీ వెడల్పులో సుమారు 87 శాతం, అడ్డగీత సరిగ్గా సగం మందంతో వస్తాయి. రెండూ సమానంగా వచ్చాయంటే మీ చెయ్యి 45 డిగ్రీలకు తిరిగిపోయిందని అర్థం. వాలు శైలి అయిన ఇటాలిక్‌కు 45 డిగ్రీలు సరైనదే, ఫౌండేషనల్‌కు మాత్రం కాదు.

సన్నమొన పాళీ సూత్రాన్ని మామూలు బాల్‌పెన్నుతో కూడా అర్థం చేసుకోవచ్చు. పదాన్ని ముందు ఒకే మందంతో రాసి, తరువాత కిందికి దిగిన ప్రతి గీత పక్కన ఇంకో గీత గీసి మధ్య భాగం నింపితే, ఏ గీత మందంగా ఉండాలో, ఏది సన్నంగా ఉండాలో కంటికి అలవాటవుతుంది. ఇది చేతికి ఒత్తిడి నేర్పదు, కంటికి మాత్రమే నేర్పుతుంది. అందుకే కొంతకాలం తరువాత అసలు పాళీకి మారక తప్పదు. అప్పుడు పాళీని బిగించే ఒక హోల్డరు, నిక్కో జి వంటి కాస్త గట్టి పాళీలు రెండు మూడు, ఒక సీసా సిరా తీసుకుంటే సరిపోతుంది. మరీ మెత్తగా విచ్చుకునే పాళీలు చూడటానికి ఊరిస్తాయి కానీ కొత్త చేతిలో అవి మాట వినవు.

అపోహ: మందమైన గీత కావాలంటే గట్టిగా ఒత్తాలి.

వాస్తవం: ఇది సన్నమొన పాళీకీ, బ్రష్ పెన్‌కూ మాత్రమే, అదీ కిందికి దిగే గీతల్లో మాత్రమే వర్తిస్తుంది. వెడల్పు పాళీని ఒత్తితే గీత మందం కాదు, పాళీ చెడిపోతుంది.

అపోహ: కొత్త పాళీ మీద సిరా నిలవడం లేదంటే అది నాసిరకం సరుకు.

వాస్తవం: లోహపు పాళీలు తుప్పు పట్టకుండా తయారీలోనే వాటికి నూనె పూత పూస్తారు. ఆ పూత ఉన్నంతవరకు సిరా బొట్లుబొట్లుగా విడిపోయి, గీత మధ్యలో తెగిపోవడమో, ఒక్కసారిగా కారిపోవడమో జరుగుతుంది. కొద్దిగా టూత్‌పేస్టుతోనో, సబ్బు నీళ్లతోనో సున్నితంగా రుద్ది కడిగి తుడిస్తే ఆ ఇబ్బంది పోతుంది. మంట మీద చూపించే పద్ధతి కూడా వాడుకలో ఉంది కానీ వేడి ఎక్కువైతే లోహం బిగువు పోతుంది కాబట్టి నేను దాన్ని సూచించను. రాయడం ముగిశాక పాళీని కడిగి, తడి లేకుండా తుడిచి పెట్టండి. ఇంత చేసినా పాళీ కొన్నాళ్లకు అరిగిపోతుంది, అది దాని సహజ గుణం. మరొక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పాలి: లక్క కలిసిన ఇండియన్ ఇంకును ఫౌంటెన్ పెన్నులో ఎప్పుడూ పోయకండి, అది లోపలే గట్టిపడి పెన్నును పనికిరాకుండా చేస్తుంది.

అపోహ: కాగితం ఎంత మందంగా ఉంటే అంత మంచిది.

వాస్తవం: మందానికి గుర్తుగా చాలామంది చూసే జీఎస్ఎం అనేది చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో, అంతే. సిరా కాగితంలోకి పాకుతుందా లేదా అన్నది, తయారీలో ఆ కాగితానికి పట్టించిన గంజిలాంటి పూత మీద, ఉపరితలం నునుపు మీద ఆధారపడి ఉంటుంది. అందుకే బరువైన డ్రాయింగ్ కాగితం మీద అక్షరం అంచులు వేళ్లూనినట్టు పాకిపోయి, లేజర్ ప్రింటర్ల కోసం చేసిన నున్నటి పలుచని కాగితం మీద అదే సిరా శుభ్రంగా నిలిచే సందర్భాలు ఉంటాయి. గరుకు కాగితంలో సన్నమొన పాళీ పోగుల్లో చిక్కుకుంటుంది, బ్రష్ పెన్ కొన చీకిపోతుంది. కట్ట మొత్తం కొనేముందు ఒక్క కాగితం మీద నాలుగు మందమైన గీతలు గీసి, అంచులూ వెనుకవైపూ చూసుకోండి. ఖర్చు పెట్టగలిగినది కొంచెమే అయితే, పెన్ను మీద కాక కాగితం మీద పెట్టమనే నేను చెబుతాను.

అపోహ: ఆధార గీతలు చేతకానివారికే.

వాస్తవం: మధ్యయుగపు యూరప్ లేఖకులు పేజీ అంచున సూదితో గుచ్చి, ఆ గుర్తుల ఆధారంగా పేజీ అంతా గీతలు గీసుకున్నాకే రాయడం మొదలుపెట్టేవారు. పదో శతాబ్దపు బాగ్దాద్‌కు చెందిన లేఖకుడు ఇబ్న్ ముఖ్లా పేరుతో ముడిపడిన పద్ధతిలో అరబిక్ అక్షరాల నిడివిని రెల్లు కలం వేసే చుక్కలతో కొలుస్తారు. పాళీ వెడల్పుతో ఎత్తును లెక్కకట్టడం, చుక్కలతో నిడివిని కొలవడం, రెండింటి వెనుకా ఉన్నది ఒకటే ఆలోచన: కలమే కొలబద్ద. సన్నమొన పాళీతో రాసే వాలు శైలి కాపర్‌ప్లేట్‌కైతే వీటికి తోడు పంక్తితో దాదాపు 55 డిగ్రీల కోణం చేసే వాలు గీతలు కూడా కావాలి. ఒక్క పేజీ మీద ముదురుగా గీసుకొని, దాని మీద ట్రేసింగ్ పేపరు పరచుకుంటే ప్రతిసారీ గీయవలసిన పని ఉండదు.

అపోహ: ఎడమచేతి వాటం ఉన్నవారికి ఇది కుదరదు.

వాస్తవం: కాపర్‌ప్లేట్ కోసం కుడిచేతివారు వాడే వంకర హోల్డరు అవసరం కూడా చాలామంది ఎడమచేతివారికి ఉండదు, మామూలు హోల్డరుతోనే పాళీ వాలు గీత దిశకు వస్తుంది. వెడల్పు పాళీతో కోణం కుదరకపోతే కాగితాన్ని తిప్పుకోవచ్చు, లేదా వారి కోసం ఏటవాలుగా కోసిన పాళీలు దొరుకుతాయి.

అపోహ: గురువు లేకుండా నేర్చుకోలేము.

వాస్తవం: జాన్‌స్టన్ వైద్యవిద్యను మధ్యలో వదిలి, బ్రిటిష్ మ్యూజియంలోని రాతప్రతులను పరిశీలిస్తూ వెడల్పు పాళీ పనితీరును తనంతట తానే గ్రహించారు. 1899లో లండన్‌లోని సెంట్రల్ స్కూల్ అనే కళాపాఠశాలలో పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు. పాలటినో, ఆప్టిమా అనే అచ్చు అక్షర శైలుల రూపకర్త హెర్మన్ జాఫ్ 1935లో నూరెంబర్గ్‌లో ఒక ప్రదర్శన చూసి ఆకర్షితులై, పుస్తకాల సాయంతో సొంతంగా సాధన చేశారు. అయితే సొంతంగా నేర్చుకునేవారికి తమ తప్పు తమకు కనబడదన్న మాట నిజమే. రాసిన పేజీని తలకిందులుగా తిప్పి చూస్తే చదవాలన్న తొందర పోయి, అక్షరాల మధ్య ఖాళీలలో ఉన్న ఎగుడుదిగుళ్లు బయటపడతాయి. అక్షరాల మధ్య దూరాన్ని స్కేలుతో సమానం చేయబోకండి. రెండు నిలువు గీతల మధ్య కంటే రెండు గుండ్రని అక్షరాల మధ్య దూరం తక్కువ ఉంటేనే ఖాళీ సమానంగా కనిపిస్తుంది.

అపోహ: కాలిగ్రఫీ రోమన్ అక్షరాలకే నప్పుతుంది.

వాస్తవం: తెలుగు అక్షరాలకు కూడా వెడల్పు పాళీ చక్కగా నప్పుతుంది, కాకపోతే నిర్ణయాలు ఎక్కువగా మనమే తీసుకోవాలి. తాటాకు మీద ఘంటంతో గీసిన గీత మొదటి నుంచి చివరి వరకు ఒకే మందంతో ఉంటుంది కాబట్టి, ఏ ఒంపు మందంగా ఉండాలో ఆ పాత ప్రతులు చెప్పవు. అందుకని ఒక కోణాన్ని ఎంచుకొని, దాన్ని మార్చకుండా, ముందు సున్నను సాధన చేయండి. 30 డిగ్రీల దగ్గర దాని సన్నని చోట్లు పైన కాస్త ఎడమకూ, కింద కాస్త కుడికీ పడాలి. తరువాత ‘ర’, దానిలో చుక్కతో ‘ఠ’, ఆపైన ‘ద’, ‘ధ’, ‘థ’ వంటి ఒకే కుదురులోని అక్షరాలు తీసుకోండి. తలకట్టును చివరి గీతగా, విడిగా, అదే కోణంలో వేయండి. పైన గుడులకూ కింద వత్తులకూ చోటు కావాలి కాబట్టి పంక్తుల మధ్య కనీసం రెండు అక్షరాల ఎత్తు వదలండి.