పత్రిక డెస్కు నుంచి సొంత కమ్యూనికేషన్స్ సంస్థ దాకా: ఫిన్లాండ్‌లో అపోహలు, వాస్తవాలు

హెల్సింకిలోని ఒక ప్రచురణ సంస్థలో చాలా ఏళ్లు పత్రికల సంపాదక విభాగంలో పనిచేసి, ఆ తరువాత చిన్న కమ్యూనికేషన్స్ సంస్థ, అంటే ఇతర సంస్థలు ప్రజలకూ పత్రికలకూ చెప్పదలచిన మాటలను తీర్చిదిద్దే సంస్థ, పెట్టుకున్నాను. నాతో డెస్కులో కూర్చున్నవారిలో పలువురు ఇదే దారి పట్టారు. హెల్సింకి పక్కనే ఉన్న ఎస్పోలో తెలుగువారి ఇళ్లలో కలిసినప్పుడూ, హైదరాబాదు నుంచి జర్నలిజం విద్యార్థులు ఫోన్ చేసినప్పుడూ ఈ వృత్తి గురించి కొన్ని మాటలు పదేపదే వినిపిస్తుంటాయి కాబట్టి, నాకు తెలిసినంతవరకు వాటికి సమాధానం రాస్తున్నాను.

అపోహ: పత్రికల్లో పరిచయాలు ఉంటే చాలు, క్లయింటు వార్త అచ్చవుతుంది.

వాస్తవం: పాత సహోద్యోగి నా ఫోన్ ఎత్తుతాడు, అంతవరకే. ఫిన్లాండ్‌లోని పత్రికలు, ప్రసార సంస్థలు తమంతట తాముగా కట్టుబడిన నియమావళి ఒకటి ఉంది. దానిపై వచ్చే ఫిర్యాదులను విచారించే మండలి 1968 నుంచి పనిచేస్తోంది. ప్రకటన వేరు, సంపాదకీయ విషయం వేరు అన్నది పాఠకుడికి స్పష్టంగా తెలియాలన్నది అందులో ముఖ్యమైన నియమం. దాన్ని మీరిన పత్రిక, మండలి పెట్టిన మందలింపును తన పాఠకుల ముందు తానే ప్రచురించాలి. నా స్నేహం కోసం ఏ సంపాదకుడూ ఆ మచ్చ తెచ్చుకోడు, తెచ్చుకోకూడదు కూడా. ఇంటర్వ్యూ ఇచ్చిన క్లయింటు "వ్యాసం మొత్తం ముందుగా మాకు చూపించమనండి" అని తరచు అడుగుతాడు. తాను చెప్పిన మాటలను అచ్చుకు ముందు చూపమని అడగవచ్చు, వీలైతే చూపడం ఇక్కడి పద్ధతి. కానీ శీర్షిక, ఎదుటి పక్షం మాటలు, తుది నిర్ణయం పూర్తిగా పత్రికవే. ఈ సంగతి చెప్పి అతణ్ణి ఒప్పించడమే నా పరిచయాల అసలు విలువ.

అపోహ: పత్రికలు దెబ్బతిన్నాయి కాబట్టే జర్నలిస్టులు గత్యంతరం లేక ఇటు వస్తున్నారు.

వాస్తవం: ఇందులో కొంత నిజం ఉంది. ప్రకటనలు, పాఠకులు ఇంటర్నెట్టుకు తరలిపోతున్న కాలంలోనే, 2012 నుంచి పత్రికల చందాలపై 9 శాతం వ్యాట్ పడింది, మరుసటి ఏడాది అది 10 శాతమైంది. అంతకుముందు చందాపై ఆ పన్నే లేదు. సంస్థలు సిబ్బందిని తగ్గించే ముందు చట్టప్రకారం జరపాల్సిన సంప్రదింపులను నేనూ చూశాను. అయితే సంస్థల కోసం పత్రిక నడపడం ఇక్కడ నిన్న మొన్న పుట్టిన పని కాదు. వినియోగదారుల సహకార సంఘాల పత్రిక 1905లో మొదలైంది. గొలుసుకట్టు దుకాణాల సంస్థ ఒకటి నడిపే 'పిర్క్కా' పత్రిక 1933 నుంచి వస్తోంది. వంటల పేజీనుంచి ముఖచిత్రం దాకా వాటిని తీర్చిదిద్దేది పత్రికారంగంలో ఆరితేరినవారే.

అపోహ: చక్కటి భాష వస్తే ఈ పని వచ్చినట్టే.

వాస్తవం: నీటి సరఫరా సంస్థ ఒకటి, అపార్ట్‌మెంట్ల మెట్ల దగ్గర అతికించే కాగితాన్ని సరిచేయమని నాకు పంపింది. భాషలో ఒక్క తప్పు లేదు. మొదటి పేరా, పైపులైన్ల నాణ్యతను దీర్ఘకాలంలో మెరుగుపరిచే కార్యక్రమం గురించి. రెండోది, సంస్థ లక్ష్యాల గురించి. నీళ్లు ఎప్పుడు ఆగుతాయో ఏడో వాక్యంలో ఉంది. నేను ఆ ఏడో వాక్యాన్ని పైకి తెచ్చి "గురువారం ఉదయం 8 నుంచి మధ్యాహ్నం 2 వరకు మీ ఇంట్లో నీళ్లు రావు" అని పెట్టాను. దాని కింద, ముందుగా నీళ్లు పట్టి ఉంచుకోవాలనీ, తిరిగి వచ్చిన నీళ్లు రంగుగా ఉంటే తేటపడేదాకా కుళాయి వదలాలనీ రాశాను. సంస్థ పరిచయం లేకుండా ఎలా పంపుతామని వారు అభ్యంతరపెట్టారు. చేతిలో సంచులతో మెట్లెక్కే మనిషి అక్కడ నిలబడేది రెండు క్షణాలేనని చెప్పి, మొదటి వరుసను మార్చడానికి నేను ఒప్పుకోలేదు. డెస్కులో నేర్చుకున్నది ఇదే: పాఠకుడి తరఫున ఒకరు గట్టిగా 'వద్దు' అనాలి. ఫిన్లాండ్‌లో ఇది అభిరుచికి వదిలేసిన విషయం కూడా కాదు. అధికారులు తగిన, స్పష్టమైన, అర్థమయ్యే భాష వాడాలని 2004లో అమల్లోకి వచ్చిన పరిపాలనా చట్టం చెబుతోంది. హెల్సింకి, ఎస్పో వంటి ద్విభాషా పురపాలికల్లో అదే సమాచారం ఫిన్నిష్‌లోనూ స్వీడిష్‌లోనూ రావాలి. మూలంలో మసకగా ఉన్న వాక్యం స్వీడిష్‌లోకి వెళ్లేటప్పుడు తప్పకుండా బయటపడుతుంది.

అపోహ: సంక్షేమ రాజ్యంలో సొంత సంస్థ పెడితే భయమేముంది?

వాస్తవం: కొత్తగా మొదలుపెట్టేవారికి ప్రభుత్వం ఇచ్చే ప్రారంభ భృతి మంచి ఆసరా, కానీ అర్హులైనవారికి సైతం అది గరిష్ఠంగా 12 నెలలే. లిమిటెడ్ కంపెనీకి 2,500 యూరోల కనీస మూలధనం ఉండాలన్న నిబంధనను 2019లో తీసేశారు. అయితే వ్యవస్థాపకుడు తన పింఛను బీమాను తానే కట్టుకోవాలి. తన శ్రమకు విలువ కట్టి నిర్ధారించిన వార్షిక ఆదాయంలో అది దాదాపు నాలుగో వంతు. బిల్లు వసూలు కాని నెలలో కూడా ఆ లెక్క ఆగదు.

అపోహ: కమ్యూనికేషన్స్ సంస్థలు తెరవెనుక నడిపేది ఎవరికీ తెలియదు.

వాస్తవం: ఇక్కడ ఆ తెర చాలా పలచన. ఫిన్లాండ్ స్వీడన్ రాజ్యంలో భాగంగా ఉన్న 1766లోనే, ఆస్ట్రోబోత్నియా ప్రాంతానికి చెందిన ఆండర్స్ హుదేనియుస్ అనే మతగురువు పట్టుబట్టి సాధించిన చట్టం, అధికార పత్రాలను చదివే, అచ్చువేసే హక్కును ప్రజలకిచ్చింది. అచ్చువేసే స్వేచ్ఛ ఎంత సులువుగా చేజారుతుందో కూడా ఈ దేశానికి తెలుసు: 1889లో మొదలైన 'ప్యాయ్‌వాలెహ్తి' పత్రికను, అప్పటికి ఫిన్లాండ్‌ను ఏలుతున్న రష్యా పాలకులు 1904లో మూయించగా, అదే ఏడాది అది 'హెల్సింగిన్ సానొమాత్'గా మళ్లీ వెలువడింది. నేడు పార్లమెంటు సభ్యులనో మంత్రిత్వ శాఖలనో ప్రభావితం చేసే పనిని వృత్తిగా చేసేవారు, ఆ పనిలో సలహాలు అమ్మే సంస్థలు, 2024 జనవరి 1న మొదలైన పారదర్శకతా రిజిస్టరులో నమోదు చేసుకొని, ఏ క్లయింటు కోసం ఏ అంశంపై పనిచేశారో వెల్లడించాలి. చట్టం మినహాయించినవి తప్ప, ప్రభుత్వ కార్యాలయానికి చేరిన ఉత్తరాలను ఎవరైనా అడిగి తెప్పించుకోవచ్చు. అందుకే మంత్రిత్వ శాఖకు ఉత్తరం రాయాలంటూ వచ్చిన క్లయింటును నా బల్ల ముందు కూర్చోబెట్టి, దాన్ని ఒక విలేకరికి వినిపిస్తున్నట్టుగా పైకి చదవమంటాను. అతని గొంతు ఎక్కడ తడబడితే అక్కడ పెన్సిలుతో గీత గీసి, ఆ వాక్యం నుంచి పని మొదలుపెడతాం.