తేదీ లేని ఫోటోలో పది సెంట్ల గడియారం

మా మేనల్లుడు న్యూజెర్సీలో ఉంటాడు. ఆదివారం సంతల్లో పాత సామాను గాలించడం అతని అలవాటు. రెండు నెలల క్రితం అయిదు డాలర్లకు ఒక నలుపు తెలుపు ఫోటో కొని, స్కాన్ చేసి నాకు పంపాడు. పత్రికల దుకాణం ముందు మందపాటి కోటు తొడుక్కున్న పదేళ్ల కుర్రవాడు నిలబడి ఉన్నాడు. అతని తల వెనక తీగకు క్లిప్పులు పెట్టి వేలాడదీసిన కామిక్ పుస్తకాలు, కింద అరల్లో వారపత్రికలు, నేల మీద దినపత్రికల కట్టలు. ఫోటో వెనక ఒక్క అక్షరం లేదు. “మామయ్యా, ఇది ఎప్పటిదో చెప్పగలరా?” అని అడిగాడు.

చెప్పగలను. అలా చెప్పగలగడమే నాకు ఈ పాత ఫోటోల మీద ఇంత మోజు పుట్టించింది. అమెరికాలో 1930లు, 40ల నాటి పత్రికల దుకాణాల ఫోటోలను వెతికి కొనే సేకర్తలు చాలామంది ఉన్నారు. వాళ్లు ముందుగా చూసేది మనిషి ముఖాన్ని కాదు, వెనక వేలాడుతున్న అట్టలను. ఏ అట్ట ఏ సంచికదో గుర్తుపట్టారంటే సగం పని అయిపోయినట్టే. 1994 నుంచి ఔత్సాహికులు స్వచ్ఛందంగా పోగుచేస్తున్న గ్రాండ్ కామిక్స్ డేటాబేస్ అనే ఇంటర్నెట్ జాబితాలో లక్షల అట్టల బొమ్మలు ఉన్నాయి. ఓపిక ఉంటే ఎవరైనా పోల్చుకోవచ్చు.

అయితే అట్ట మీద అచ్చయిన నెలను నమ్మితే మోసపోతాం. సూపర్‌మ్యాన్ మొదటిసారి కనిపించిన యాక్షన్ కామిక్స్ తొలి సంచిక మీద 1938 జూన్ అని ఉంటుంది. అది అమ్మకానికి వచ్చింది ఏప్రిల్ 18న. జో సైమన్, జాక్ కర్బీ తయారుచేసిన కెప్టెన్ అమెరికా తొలి సంచిక మీద 1941 మార్చి అని ఉంటుంది. వచ్చింది 1940 డిసెంబర్ 20న. ఆ నెల పేరు పాఠకుడి కోసం వేసింది కాదు. ఈ పుస్తకాన్ని ఎప్పుడు తీసేసి వెనక్కి పంపాలో దుకాణదారుకు చెప్పడానికి వేసింది. తేదీ ఎంత ముందుకు జరిపితే పుస్తకం అన్ని రోజులు తాజాగా కనిపిస్తుంది, అన్ని రోజులు తీగ మీద వేలాడుతుంది. 1939లో వచ్చిన మార్వెల్ కామిక్స్ తొలి సంచిక ప్రతులు చాలావాటి మీద ‘అక్టోబర్’ను నల్ల సిరాతో కప్పేసి ‘నవంబర్’ అని మళ్లీ అచ్చు వేశారు.

మరి అసలు తేదీలు ఎలా తెలుస్తాయి? ప్రచురణకర్తలు కాపీరైట్ కోసం నమోదు చేయించేటప్పుడు పుస్తకం వెలువడిన రోజును ప్రకటించాలి. ఆ ప్రకటనలు కాపీరైట్ కార్యాలయం అచ్చు వేసిన జాబితాల్లో మిగిలాయి. ఇంకొక ఆధారం నాకు మరీ ఇష్టమైనది. కొందరు దుకాణదారులు కట్ట విప్పగానే అట్ట మూల మీద ఆ రోజు తేదీని పెన్సిలుతో రాసేవారు, లేదా ముద్ర కొట్టేవారు. పాత కామిక్ చేతిలోకి తీసుకున్నప్పుడు అట్ట మీద బూడిద రంగులో చిన్న అంకెలు కనిపిస్తే, ఫలానా పుస్తకం ఫలానా ఊరికి చేరిన రోజుకు అదే సాక్ష్యం.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఫోటోలో కనిపించే ప్రతి సంచికకూ రెండు హద్దులు ఉంటాయి. ఒకటి కింది హద్దు: అది దుకాణానికి వచ్చిన రోజు. దానికి ముందు ఫోటో తీయడం అసాధ్యం. ఇది రాతిగోడ. రెండోది పై హద్దు: దాన్ని తీసేసిన రోజు. ఇది తడిక లాంటిది, అటూ ఇటూ వంగుతుంది. బద్ధకస్తుడైన దుకాణదారు పాత సంచికను ఇంకో నెల అలాగే ఉంచేసి ఉండవచ్చు. కాబట్టి పది సంచికలు గుర్తుపట్టగలిగినా, వాటిలో అన్నిటికంటే కొత్తదే ఫోటో తేదీకి పునాది. మిగతా తొమ్మిదీ పై హద్దును కొంచెం కొంచెం కిందికి నొక్కడానికి పనికొస్తాయి. తొంభై తొమ్మిది పాత వస్తువులు ఉన్నంత మాత్రాన ఫోటో పాతదైపోదు. ఒక్క కొత్త వస్తువు ఉంటే ఫోటో కొత్తదే.

రాళ్ల వయసు కట్టే శాస్త్రజ్ఞులు సరిగ్గా ఇదే పని చేస్తారు. రాజమండ్రి దగ్గర క్వారీల్లో లావా పొరల మధ్య సున్నపురాయి ఇరుక్కుని ఉంది. అందులో ఫోరామినిఫెరా అనే సముద్ర సూక్ష్మజీవుల గుల్లలు ఉన్నాయి. ఒక్కొక్క జాతి ఫలానా కాలంలో పుట్టింది, ఫలానా కాలంలో అంతరించింది. ఏయే జాతులు కలిసి కనిపిస్తాయో చూసి, కింది లావా డైనోసార్ల వినాశనానికి దగ్గరి కాలంలో పారిందని లెక్క తేల్చారు. ఒక జాతి ఒక్కటే ఉంటే విస్తారమైన కాలం దొరుకుతుంది. రెండు జాతులు కలిసి ఉంటే ఆ రెండు కాలాలూ కలిసే సన్నని ముక్క మిగులుతుంది. మూడోది దొరికితే ఇంకా సన్నబడుతుంది. తీగ మీద వేలాడే కామిక్కులు నాకు అచ్చంగా ఆ గుల్లల్లాగే కనిపిస్తాయి. త్వరగా పుట్టి, త్వరగా పోయి, దేశమంతా పరుచుకున్న జాతులే కాలాన్ని కొలవడానికి మేలు. నెలనెలా మారుతూ ఊరూరా దొరికే పది సెంట్ల పుస్తకం కంటే అలాంటి జాతి ఏముంటుంది?

పోలిక అక్కడితో ఆగదు. పాత రాయి అరిగి అందులోని గుల్ల కొట్టుకుపోయి కొత్త మట్టిలో చేరితే భూవిజ్ఞానులు తికమకపడతారు. పాత పుస్తకాల కొట్టులో తీసిన ఫోటోతో మనకూ అదే చిక్కు. అమ్ముడుపోని పుస్తకాన్ని మొత్తం వెనక్కి పంపితే రవాణా ఖర్చు కాబట్టి, అట్ట పైభాగం చింపి ఆ ముక్కనే పంపి డబ్బు వాపసు తీసుకునే పద్ధతి ఉండేది. మిగిలిన మొండి పుస్తకాన్ని కొందరు దొంగచాటుగా చవకగా అమ్మేవారు. తల తెగిన కామిక్కులు ఫోటోలో కనిపిస్తే అవి కొట్టుకొచ్చిన గుల్లలే, వాటి పై హద్దును లెక్కలోకి తీసుకోకూడదు.

ఇక 1942 జూలై. అమెరికా యుద్ధంలోకి దిగిన మరుసటి ఏడాది, దాదాపు 500 పత్రికలు ఆ నెల సంచికల ముఖచిత్రం మీద జాతీయ జెండాను వేశాయి. ఏ దుకాణం చూసినా జెండాలే. డైనోసార్ల కాలం ముగిసిన చోట ప్రపంచమంతటా మట్టిలో ఇరిడియం అనే లోహం ఎక్కువగా ఉన్న సన్నని పొర కనిపిస్తుంది కదా, పత్రికల దుకాణాల చరిత్రలో ఇది ఆ పొర. ఫోటోలో జెండాలు గుంపుగా కనిపించాయంటే కళ్లు మూసుకుని 1942 అనేయవచ్చు. నెల మాత్రం జాగ్రత్తగా చెప్పాలి. వారపత్రికల జూలై సంచికలు దాదాపు జూలైలోనే వస్తాయి, ముందు తేదీ వేసుకునే నెలపత్రికల జూలై సంచికలు అంతకు ముందే వచ్చేస్తాయి. ఒకే పొర ఒక్కో చోట ఒక్కో కాలానిది అన్నమాట. జెండాలు నెలపత్రికల అరల్లోనే ఉండి, వారపత్రికల అరల్లో ఇంకా లేకపోతే, ఫోటో ఆ పొర పడడం మొదలైన వారాలది.

ఇక్కడ ఒక మూఢనమ్మకం గురించి చెప్పాలి. కెనడాలో బ్రిటిష్ కొలంబియాలో 1941లో ఒక వంతెనను మళ్లీ తెరిచినప్పుడు తీసిన ఫోటోలో నల్ల కళ్లద్దాలు, అల్లిక చొక్కాతో ఒక యువకుడు కనిపిస్తాడు. భవిష్యత్తు నుంచి కాలంలో వెనక్కి ప్రయాణించి వచ్చినవాడని 2010లో ప్రపంచమంతా ప్రచారమైంది. చదువుకున్నవాళ్లే నాకు దాన్ని పంపారు. ఆ అద్దాలు, ఆ చొక్కా, చేతిలోని చిన్న కెమెరా అన్నీ 1941 నాటికే బజారులో దొరికేవి. ఏ ఒక్కటీ కింది హద్దును దాటలేదు. ఒకవేళ దాటి ఉంటే తేలేది ఫోటో తేదీ తప్పు అనే. ఈ తర్కాన్ని బడిలో నేర్పితే ఎంత బాగుంటుంది! చరిత్ర పాఠంలో తేదీలు బట్టీ పట్టించే బదులు, పిల్లలకు ఇంట్లోని పాత ఫోటో ఒకటి తెమ్మని చెప్పాలి. అందులో ఎవరి చేతిలోనైనా తెలుగు చందమామ ఉంటే అది 1947 జూలైకి ముందు తీసింది కాదు. దుకాణం బోర్డు మీద ధర నయాపైసల్లో ఉంటే 1957 ఏప్రిల్‌కు ముందుది కాదు. అమెరికన్ కామిక్కులకైతే, అట్ట మూలన తపాలా బిళ్ల అంత ఆమోద ముద్ర కనిపిస్తే 1954 చివరలో పరిశ్రమ పెట్టుకున్న నియమావళి తరువాతది. ధర పది సెంట్ల నుంచి పన్నెండు సెంట్లకు మారి ఉంటే 1961 చివర లేదా ఆ తరువాతది.

అట్టను గుర్తుపట్టడం దగ్గర ఒక ఇబ్బంది ఉంది. మేనల్లుడి ఫోటోలో ఒక పుస్తకాన్ని మొదట నేను గుర్తుపట్టలేదు. ముసుగు వేసుకున్న వీరుడి డాలు మీద చారలు నల్లగా ఉన్నాయి, పైభాగం తెల్లగా పాలిపోయి ఉంది. అలాంటి డాలు నాకు తెలిసిన ఏ అట్ట మీదా లేదు. మా అమ్మమ్మ పెళ్లినాటి ఫోటో గుర్తొచ్చాక చిక్కు విడిపోయింది. అందులో ఆమె నుదుటి కుంకుమబొట్టు కాటుకలా నల్లగా ఉంటుంది.

ఫిల్ములో ఉండే సిల్వర్ బ్రోమైడ్ స్ఫటికం తనంతట తాను నీలం, ఊదా కాంతికే స్పందిస్తుంది. ఎరుపు ఫోటాన్‌లో, అంటే ఎర్రని కాంతి కణంలో, ఉండే శక్తి స్ఫటికంలో ఎలక్ట్రాన్‌ను పైకి లేపడానికి చాలదు. కాంతి ఎంత ఎక్కువగా పడినా ఒక్కొక్క ఫోటాన్ బలం పెరగదు కాబట్టి లాభం లేదు. 1873లో జర్మనీలో హెర్మన్ ఫోగెల్ కొన్ని రంగుపదార్థాలను స్ఫటికాలకు అంటిస్తే అవి ఆకుపచ్చని కాంతిని పట్టి, ఎలక్ట్రాన్‌ను స్ఫటికానికి అందిస్తాయని కనుగొన్నాడు. అలా పుట్టినదే ఆర్థోక్రోమాటిక్ ఫిల్ము. దానికి నీలం, ఆకుపచ్చ కనిపిస్తాయి, ఎరుపు కనిపించదు. కొడాక్ కంపెనీ 1931 నుంచి 1956 దాకా మామూలు జనానికి అమ్మిన వెరిక్రోమ్ ఈ రకమే. స్టూడియో చీకటి గదిలో ఎర్ర బల్బు వెలిగించగలిగేదీ ఇందుకే, ఫోటో కాగితానికి ఆ కాంతి లేనట్టే లెక్క.

ఇప్పుడు కెప్టెన్ అమెరికా డాలును ఈ ఫిల్ముకు చూపించండి. ఎర్ర చారలు నల్లబడతాయి. నీలి భాగం తెల్లబడుతుంది. ఆ నీలం మీద ఉన్న తెల్ల నక్షత్రాలు తెలుపులో తెలుపై మాయమవుతాయి. నేను డేటాబేస్‌లోని రంగుల అట్టను కంప్యూటర్‌లో తెరిచి, ఎరుపును నలుపు చేసి, నీలాన్ని పలచబరిచి పక్కన పెట్టి చూశాను. డాలు, దాని వెనక దవడ మీద దెబ్బ తిని వెనక్కి పడుతున్న హిట్లర్, అన్నీ సరిపోయాయి. అమెరికాను యుద్ధంలోకి దింపిన పెర్ల్ హార్బర్ దాడికి దాదాపు ఏడాది ముందే అమెరికా దుకాణాల్లో వేలాడిన ఆ తొలి సంచికే అది. సూపర్‌మ్యాన్ ఎర్ర దుప్పటి కూడా ఇలాంటి ఫోటోల్లో నల్లగానే ఉంటుంది.

ఒక విచిత్రం ఏమిటంటే, ఈ ఫోటోలు నిలిచాయి గానీ పుస్తకాలు చాలావరకు నిలవలేదు. కామిక్కుల లోపలి కాగితం చెక్కను యంత్రంతో నూరి చేసిన న్యూస్‌ప్రింట్. అందులో చెక్క నారలను అతికి ఉంచే లిగ్నిన్ అనే పదార్థమంతా మిగిలే ఉంటుంది. గాలి, వెలుతురు తగిలితే అది నీలం కాంతిని పీల్చుకునే పదార్థాలుగా మారుతుంది, అందుకే కాగితం పసుపై, గోధుమరంగవుతుంది. కాగితంలోని ఆమ్లం దానికి బలమిచ్చే సెల్యులోజ్ అణువుల గొలుసులను తెంపుతుంది. తెగిన ముక్కల నుంచి మరింత ఆమ్లం పుడుతుంది, అది మరిన్ని గొలుసులను తెంపుతుంది. వేడి, తేమ ఈ పనికి ఊతం. యుద్ధకాలంలో కాగితం సేకరణ పేరుతో పిల్లలు మోసుకెళ్లి ఇచ్చినవి, 1948లో కామిక్కులు పిల్లలను చెడగొడతాయన్న భయంతో కొన్ని ఊళ్లలో మంటల్లో వేసినవి కాక, మిగిలినవాటిని రసాయనశాస్త్రం తినేసింది. డెన్వర్‌లో ఎడ్గర్ చర్చ్ అనే చిత్రకారుడు ఇంట్లో దొంతరలుగా పేర్చుకున్న వేలాది కామిక్కులు 1977లో బయటపడినప్పుడు కాగితం తెల్లగానే ఉంది. అక్కడి పొడిగాలి, చల్లదనం, దొంతరలో గాలి చొరబడనంత బిగువు వాటిని కాపాడాయి. అలా బతికి బయటపడేవి అరుదు కాబట్టే, 2024 ఏప్రిల్‌లో యాక్షన్ కామిక్స్ తొలి సంచిక ప్రతి ఒకటి 60 లక్షల డాలర్లకు వేలంలో పోయింది. పది సెంట్ల మీద ఆరు కోట్ల రెట్లు.

మేనల్లుడి ఫోటోకు తిరిగి వస్తాను. కామిక్కు మనకు గంటల ముల్లు. 1940 డిసెంబర్ 20 కింది హద్దు, పై హద్దు ఫిబ్రవరి చివరో, మార్చో. నిమిషాల ముల్లు కుర్రవాడి మోచేతి పక్కన దొరికింది. అక్కడొక వారపత్రిక అంచు మీద ‘జనవరి 11’ అని చదవవచ్చు, సంవత్సరం క్లిప్పు కింద దాక్కుంది. ఆ పత్రిక ఎప్పుడూ శనివారం తేదీయే వేసుకునేది. జనవరి 11 శనివారం అయ్యేది ఆ చుట్టుపక్కల 1936, 1941, 1947ల్లోనే. మన శాసనాలు చదివేవారు తిథికీ వారానికీ పొత్తు కుదిరిందా లేదా అని చూసి శకవర్షాన్ని ఖాయం చేసే పద్ధతే ఇదీ. 1936 నాటికి కెప్టెన్ అమెరికా పుట్టలేదు, 1947 దాకా ఆ సంచిక తీగ మీద వేలాడదు. వారపత్రిక తేదీకి కొన్ని రోజుల ముందే వచ్చి, తరువాతి సంచిక రాగానే తప్పుకుంటుంది. కాబట్టి ఫోటో 1941 జనవరి రెండో వారం, అటూ ఇటూ నాలుగు రోజులు.

ఈ సంగతి రాసి పంపితే మేనల్లుడు సంతోషించి, నేల మీది దినపత్రికల కట్టను మరింత పెద్దదిగా స్కాన్ చేసి పంపాడు. అది సెకన్ల ముల్లు. కట్టకు కట్టిన తాడు శీర్షిక మీదుగా పోయింది, తలకిందులుగా నాలుగు అక్షరాలు మాత్రం తెలుస్తున్నాయి. ఆ వారం దినపత్రికల మొదటి పేజీలు ఒక్కొక్కటే తెరిచి వాటితో పోల్చుకుంటున్నాను. ఇప్పటికి మూడు రోజులవి అయ్యాయి.