ఒక పిడి, రెండు చేతులు

ప్రియమైన పిల్లలూ,

"ఇద్దరు కలిసి ఒకే బొమ్మ చేస్తే, ఎవరు ఎంత చేశారో ఎలా తెలుస్తుంది తాతయ్యా?" అని అడిగారు కదా. రెండు రోజులుగా అదే ఆలోచిస్తున్నాను.

తిరగలి చూశారా? ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని ఒకే పిడి పట్టుకుని తిప్పుతారు. ఒకరు లాగితే ఒకరు తోస్తారు. ఒకరి చెయ్యి నొప్పెడితే రెండో చెయ్యి బరువు తీసుకుంటుంది. ఎంత జల్లించినా ఏ పిండి ఎవరిదో చెప్పలేం.

స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్‌లో పీటర్ ఫిష్లీ, డేవిడ్ వైస్ అనే కళాకారులు 1979లో అలాంటి పిడి ఒకటి పట్టుకున్నారు. తిరగలిలో పోసింది వంటింటి సరుకు! మాంసం ముక్కల్ని తివాచీలుగా పరిచి, ఊరవేసిన దోసకాయల్ని వాటిని కొనడానికొచ్చిన మనుషులుగా నిలబెట్టి ఫొటో తీశారు. 1981లో పచ్చిమట్టితో చిన్న చిన్న బొమ్మలు చేశారు, ఇంచుమించు రెండు వందలు. తర్వాత కూరగాయలు, సీసాలు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, పడిపోయేలోగా ఫొటో తీసేవారు.

చిన్నప్పుడు నేనూ తమ్ముడూ అగ్గిపెట్టెలు వరసగా నిలబెట్టి మొదటిదాన్ని తోసేవాళ్లం. సగంలోనే ఆగిపోయేది. నేను వాణ్ణి తిట్టేవాణ్ణి. వాడు మాట్లాడకుండా మళ్లీ మొదటినుంచి పేర్చేవాడు. కలిసి పనిచేసేటప్పుడు తప్పెవరిదని వెతకడం కంటే మళ్లీ పేర్చడమే మేలని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మీకు ఇప్పుడే తెలియాలి.

ఫిష్లీ, వైస్ ఇద్దరూ ఈ పడటాన్నే అరగంట సినిమాగా తీశారు. అందులో మనుషులుండరు. వేలాడే సంచి ఒకటి మెలి విడుతూ దిగి టైరుకు తగులుతుంది, టైరు దొర్లుతుంది, ఇక మంట, నురగ, నిచ్చెన... ఒకటి ఇంకోదాన్ని లేపుతూనే ఉంటుంది. 1987లో జర్మనీలోని కాసెల్‌లో జరిగే డాక్యుమెంటా ప్రదర్శనలో దాన్ని చూపించారు. 2003లో వెనిస్ కళాప్రదర్శనలో వాళ్లకు ఇంకో పనికి గోల్డెన్ లయన్ బహుమతి వచ్చింది. 2006లో లండన్ టేట్ మోడర్న్ మ్యూజియంలో, 2016లో న్యూయార్క్ గుగెన్‌హైమ్ మ్యూజియంలో వాళ్ల పనంతా ఒకచోట పెట్టారు.

ఆ రెండు ప్రదర్శనల మధ్యలో, 2012లో, వైస్ చనిపోయారు. నా తిరగలి పోలిక ఇక్కడ ఆగిపోతోంది పిల్లలూ. పిడి మీద ఒక్క చెయ్యే మిగిలింది కదా! అయినా మరుసటి ఏడాది లండన్‌లోని కెన్సింగ్టన్ గార్డెన్స్‌లో ఇద్దరి పేరుతోనూ ఒక పెద్ద బండ మీద ఇంకో పెద్ద బండ నిలిచింది. అంతే, రెండు బండలు. ఏది ఏదాన్ని నిలబెడుతోందో ఎంత ఆలోచించినా నాకు తేలలేదు.

మీరే చూడండి. బయటికెళ్లి చేతికి పట్టేంత రాళ్లు రెండు తెచ్చుకోండి. ఒకరు కింది రాయిని కదలకుండా పట్టుకోండి, ఒకరు పై రాయిని పెట్టండి. ఇప్పుడు ఇద్దరూ మెల్లగా చేతులు వదలండి.

మీ తాతయ్య