బ్లాక్ హోల్స్ లెక్కలకు ప్లేస్టేషన్: బిల్లు ఎవరు కట్టారు?

2010 ఏప్రిల్ 1న సోనీ తన గేమ్ కన్సోల్ ప్లేస్టేషన్ 3 కోసం 3.21 నంబరు ఫర్మ్‌వేర్ (పెట్టె లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ విడుదల చేసింది. దాంతో కన్సోల్‌లో అప్పటిదాకా ఉన్న ఒక సౌకర్యం మాయమైంది. 'అదర్ ఓఎస్' అనే ఆ సౌకర్యం ఉంటే కన్సోల్‌లో లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకుని మామూలు కంప్యూటర్‌లా వాడుకోవచ్చు. అప్‌డేట్ వద్దనుకున్నవాళ్లకు ఆన్‌లైన్ ఆటలు బంద్. ఆటలు తప్ప వేరే ధ్యాస లేనివాళ్లలో చాలామంది దీన్ని పట్టించుకోలేదు. ఉలిక్కిపడింది ల్యాబుల్లో ఉన్నవాళ్లు. సైన్స్ లెక్కలు చేయించడానికి వాళ్లు ప్లేస్టేషన్లను ఒకటీ అరా కాదు, వందల్లో కొని పెట్టుకున్నారు.

ఈ ముచ్చట ప్లేస్టేషన్ 2 రోజుల్లోనే మొదలైంది. సోనీ దానికి లినక్స్ కిట్ అమ్మేది. 2003లో అమెరికాలోని ఇల్లినాయ్ యూనివర్సిటీకి చెందిన సూపర్ కంప్యూటింగ్ కేంద్రం సుమారు 70 ప్లేస్టేషన్ 2లను కలిపి ఒక క్లస్టర్ కట్టి చూసింది. అది ప్రయోగంగానే మిగిలిపోయింది. అసలు కథ ప్లేస్టేషన్ 3లో పెట్టిన సెల్ ప్రాసెసర్‌తో వచ్చింది. సోనీ, తోషిబా, ఐబీఎం 2001లో చేతులు కలిపి టెక్సస్‌లోని ఆస్టిన్‌లో దీని డిజైన్ మొదలుపెట్టాయి. చిప్‌లో పెత్తనం చేసే కోర్ ఒకటి, లెక్కలు చేసే చిన్న కోర్లు 8. తయారీలో పాడయ్యే చిప్‌లు తగ్గాలని ప్లేస్టేషన్ 3లో ఒక చిన్న కోర్‌ను ఆపేశారు. ఇంకొకటి సిస్టమ్ తన పనికి ఉంచుకునేది. వాడేవాళ్లకు దక్కేవి 6. అవే సెకనుకు 15,000 కోట్ల లెక్కలు చేయగలవు. 2006లో ఒక ఇంటి పెట్టెకు ఇది మామూలు మాట కాదు.

ఇంతకంటే పెద్ద విశేషం ధర. 60 జీబీ మోడల్‌ను సోనీ అమెరికాలో 599 డాలర్లకు అమ్మింది. పెట్టె విప్పి భాగాలకు లెక్క కట్టిన ఐసప్లై సంస్థ, తయారీకే 840 డాలర్ల దాకా అవుతోందని అంచనా వేసింది. అంటే ప్రతి పెట్టె మీదా 240 డాలర్ల బొక్క. ఆ తర్వాత జనం కొనే గేమ్ డిస్కుల మీద దాన్ని రాబట్టుకోవడం ఈ వ్యాపారంలో పాత పద్ధతే. మరి కన్సోల్ కొని ఒక్క డిస్కూ కొననివాళ్ల సంగతి? శాస్త్రవేత్తలు సరిగ్గా ఆ కోవలోకే వచ్చారు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, గేమర్ల డిస్కుల ఆశతో సోనీ తగ్గించిన ధర సైన్స్‌కు కలిసొచ్చింది.

మసాచుసెట్స్ డార్ట్‌మత్ యూనివర్సిటీ భౌతిక శాస్త్రవేత్త గౌరవ్ ఖన్నా 2007లో 8 ప్లేస్టేషన్లను కలిపి, బ్లాక్ హోల్స్ నుంచి వచ్చే గురుత్వ తరంగాలను లెక్కగట్టడం మొదలుపెట్టారు. అందుకు సోనీయే కొన్ని పెట్టెలు ఇచ్చింది. 2008 డిసెంబరులో కొందరు భద్రతా పరిశోధకులు స్విట్జర్లాండ్‌లోని లోజాన్‌లో 200 ప్లేస్టేషన్ల క్లస్టర్ వాడి, ఎండీ5 అనే పాత భద్రతా పద్ధతిలోని లోపంతో వెబ్‌సైట్ల నకిలీ సర్టిఫికెట్ తయారుచేయవచ్చని చూపించారు. న్యూయార్క్ రాష్ట్రంలోని రోమ్‌లో అమెరికా వైమానిక దళ పరిశోధనశాల 1,700కు పైగా ప్లేస్టేషన్లతో 'కాండర్' క్లస్టర్ కట్టింది. ఖర్చు సుమారు 20 లక్షల డాలర్లు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ల ఫోల్డింగ్ ఎట్ హోమ్ ప్రాజెక్టు ఇంకో దారి పట్టింది. ఇళ్లలో ఖాళీగా ఉన్న ప్లేస్టేషన్లతో ప్రొటీన్ల ముడతల లెక్కలు చేయించింది. నా దృష్టిలో అన్నిటికంటే న్యాయమైన ఏర్పాటు ఇదే. పెట్టె కొన్నది గేమర్, ఆడుకునేది గేమర్, కరెంటు బిల్లు కూడా గేమర్‌దే.

చవగ్గా వచ్చినా ఆ చిప్‌తో పని చేయించడం మాత్రం తలనొప్పే. ఒక్కో చిన్న కోర్‌కు ఉండేది 256 కేబీ మెమరీ. ప్రోగ్రామూ అందులోనే, డేటా కూడా అందులోనే. 64 వరుసలు, 64 నిలువుల పట్టిక ఒక్కటే 16 కేబీ తింటుంది. పెద్ద మెమరీ నుంచి ఏ ముక్క ఎప్పుడు తేవాలో, ఎప్పుడు తిరిగి పంపాలో ప్రోగ్రామరే రాసుకోవాలి. ఒక ముక్క మీద లెక్క నడుస్తుండగానే తర్వాతిది వచ్చి సిద్ధంగా ఉండాలి, లేకపోతే కోర్ ఖాళీగా కూర్చుంటుంది. దీనికి తోడు మొత్తం పెట్టెకు ప్రధాన మెమరీ 256 ఎంబీయే.

అసలు చిక్కు ఇంకోటుంది. ఆ 15,000 కోట్ల వేగం సుమారు 7 అంకెల కచ్చితత్వంతో చేసే లెక్కలకే. తెర మీద బొమ్మకు అది చాలు. సైన్స్‌కు చాలాచోట్ల 16 అంకెలు దాకా కావాలి. అక్కడికొచ్చేసరికి వేగం 1,100 కోట్లకు పడిపోయేది. ఈ లోపం సరిదిద్ది ఐబీఎం వేరే చిప్ చేసింది. దాంతోనే అమెరికాలోని లాస్ అలమోస్ ప్రయోగశాలలో ఉన్న రోడ్‌రన్నర్ 2008లో సెకనుకు వెయ్యి లక్షల కోట్ల లెక్కల గీత దాటిన మొదటి సూపర్ కంప్యూటర్ అయింది. అయితే అది ఐబీఎం సర్వర్ల కోసం చేసిన చిప్, గేమ్ కన్సోల్ ధరకు వచ్చేది కాదు.

గేమర్లకేమైనా ఒరిగిందా అంటే, మొదట్లో పెద్దగా లేదు. అదే గేమ్ పోటీ కన్సోల్ ఎక్స్‌బాక్స్ 360లో సాఫీగా నడిచి, ప్లేస్టేషన్ 3లో తడబడిన సందర్భాలు బోలెడు. ఆ 256 కేబీ తిప్పలు గేమ్ స్టూడియోలకూ తప్పలేదు మరి. సోనీ సొంత స్టూడియోలు చిప్‌ను పిండుకోవడం నేర్చుకునేసరికి కొన్నేళ్లు పట్టింది.

2009లో వచ్చిన స్లిమ్ మోడల్‌లో అదర్ ఓఎస్ లేదు. 2010 జనవరిలో జార్జ్ హాట్జ్ అనే హ్యాకర్, లినక్స్ దారిలోంచే కన్సోల్ రక్షణను ఛేదించానని ప్రకటించాడు. పైరసీ భయం పట్టుకున్న సోనీ, భద్రత కోసమంటూ పాత మోడళ్లలోనూ ఆ సౌకర్యాన్ని తీసేసింది. ఆన్‌లైన్‌కు వెళ్లే పని లేని క్లస్టర్లు అప్‌డేట్ చేయకుండా నడిచాయి. కానీ పాడైన పెట్టె స్థానంలో పాత మోడలే వెతుక్కోవాలి. వ్యాపారపరంగా సోనీ భయం అర్థమయ్యేదే. పెట్టె మీద ఉందని చెప్పి అమ్మిన సౌకర్యాన్ని డబ్బు తీసుకున్నాక లాక్కోవడం మాత్రం సమర్థించలేం.

అప్పటికే ల్యాబులు వేరే దారి చూసుకున్నాయి. గ్రాఫిక్స్ చిప్‌ల కంపెనీ ఎన్విడియా తన కార్డులతో మామూలు లెక్కలూ చేయించే 'కుడా' సాఫ్ట్‌వేర్‌ను 2007లో విడుదల చేశాక, గేమింగ్ గ్రాఫిక్స్ కార్డులతోనే సైన్స్ లెక్కలు చేయడం తేలికైంది. కార్డును లాభానికే అమ్ముతారు కాబట్టి కొన్నవాడు దానితో ఏం చేస్తున్నాడన్న పేచీ లేదు. ప్లేస్టేషన్ 3లో ఫోల్డింగ్ 2012 నవంబరులో ఆగింది. రోడ్‌రన్నర్‌ను 2013 మార్చి 31న ఆపేశారు. అదే ఏడాది వచ్చిన ప్లేస్టేషన్ 4లో పీసీ తరహా ఏఎండీ ప్రాసెసర్ పెట్టారు, లినక్స్ ఊసు లేదు. అదర్ ఓఎస్ మీద కొనుగోలుదారులు వేసిన కేసు ఇంకా సాగి, 2018లో 37.5 లక్షల డాలర్ల పరిహార నిధితో రాజీకి వచ్చింది.